చాలనిపించిందా? పని వదలండి, పట్టా వదలకండి

సేద్యం నుంచి ముందుగానే విశ్రాంతి తీసుకోవాలనుకునే చిన్న, సన్నకారు రైతులకు కొన్ని లెక్కలు, కొన్ని జాగ్రత్తలు

గవర్నమెంటు ఉద్యోగికి 62 ఏళ్ళు నిండగానే ఆఫీసులో దండ వేసి, శాలువా కప్పి, ఫోటో తీసి ఇంటికి పంపుతారు. మరుసటి నెల నుంచి ఆయనకు పింఛనో, దాచిన సొమ్ము మీద రాబడో ఏదో ఒకటి ఉంటుంది. రైతుకు దండ వేసేవాళ్ళు లేరు. ఫలానా తేదీన పని ఆపవచ్చునని చెప్పే ఉత్తర్వూ లేదు. "ఇంక చాలప్పా, నాతో కాదు" అని రైతు అనుకునే రోజు మాత్రం 62 దాకా ఆగదు. కణేకల్ చుట్టుపక్కల ఏ ఊరి రచ్చకట్ట మీద కూర్చున్నా ఈ మాట 45, 50 ఏళ్ళవాళ్ళ నోటే వినబడుతుంది.

ఈ మాట సోమరితనంతో వచ్చింది కాదు. మీ పొలాలు చూసినవారెవరికైనా ఇది తెలుస్తుంది. ఒక పక్క తుంగభద్ర ఎగువ కాలువ. నీళ్ళు వస్తే మడి, రాకపోతే బీడు. తుంగభద్ర డ్యాములో కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి 105 టీఎంసీల దగ్గరికి వచ్చింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి ఆయకట్టు రైతు ఎవరూ సరిగా నిద్రపోలేదు. ఇంకో పక్క వానను నమ్ముకున్న ఎర్రనేలలు, చెనిక్కాయ, కంది. వేదవతి ఒడ్డున గాలికి కదిలి వచ్చే ఇసుక తిన్నెలు వేరే. ఇన్నిటి మధ్య పాతిక, ముప్పై ఏళ్ళు గుంటక తోలి, మందు డబ్బా మోసి, అర్ధరాత్రి కాలువ నీళ్ళకు కాపలా కాసిన మనిషి అలసిపోకపోతేనే ఆశ్చర్యం.

అలసిన రైతు ముందు సాధారణంగా రెండే దారులు కనబడతాయి. భూమి అమ్మేయడం ఒకటి. కొడుకు పేర రాసిచ్చి పక్కకు జరగడం రెండోది. ఈ రెండూ ఒక్కరోజులో జరిగిపోతాయి, మళ్ళీ వెనక్కు రావు. మేము చెప్పబోయేది మూడో దారి. ఇందులో పని మెట్టు మెట్టుగా దిగుతుంది, భూమి మాత్రం మీ పేరనే ఉంటుంది. దీనికి ఐదు నుంచి పదేళ్ళు పడుతుంది. అందుకే 60 వచ్చాక కాదు, 40, 45 దగ్గరే లెక్క మొదలుపెట్టాలి.

విసుగు ఎక్కడ పుట్టింది?

మొదట ఇది తేల్చుకోవాలి. అందరి విసుగూ ఒకటి కాదు, మందూ ఒకటి కాదు.

నడుము, మోకాళ్ళు సహకరించక విసుగొచ్చిందంటే అది ఒంటి అలసట. బరువు పని ఎవరికైనా అప్పగిస్తే తీరుతుంది. రెండు మూడేళ్ళుగా ఒకే పంట దెబ్బ తీస్తోందంటే అది పంట మీది విసుగు. పంట మార్చి చూడాలి, సేద్యం మానడం కాదు. అప్పులవాళ్ళ మొహం చూడలేక విసుగొచ్చిందంటే సేద్యం మానినా అది పోదు. ఆదాయం ఆగిపోయి ఇంకా పెరుగుతుంది. ఇలాంటివారు మొదట అప్పు సంగతి చూడాలి, విశ్రాంతి తర్వాత.

ఇక నాలుగో రకం ఉంది. నిద్ర పట్టదు, తిండి సయించదు, మనుషులతో మాట్లాడాలనిపించదు, బతికి ఏం లాభం అనిపిస్తుంది. ఇది సేద్యం విసుగు కాదు, జబ్బు. దీనికి వైద్యం ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన 'టెలి మానస్' సేవ ఇది. ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే వారిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి.

ఒక్కమాట గుర్తుంచుకోండి. పంట పోయిన నెలలోగానీ, ఇంట్లో గొడవ జరిగిన వారంలోగానీ భూమి మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఎండాకాలంలో, చేతిలో పని లేనప్పుడు, భార్యాభర్తలిద్దరూ కూర్చుని తీరికగా ఆలోచించండి.

ముందు ఒక నోటుబుక్కు కొనండి

ఒక పేజీలో ఇల్లు గడవడానికి నెలకు ఎంత కావాలో రాయండి. బియ్యం, కూరగాయలు, కరెంటు, మందులు, చార్జీలు, పెండ్లిళ్ళ చదివింపులు, ఫోను రీచార్జి దాకా అన్నీ రావాలి. మూడు నెలలు రాస్తే అసలు లెక్క తెలుస్తుంది. చాలామందికి ఎకరాకు ఎన్ని కట్టల ఎరువు పడుతుందో తెలుసు, ఇంటికి నెలకు ఎంత పడుతుందో తెలియదు.

రెండో పేజీలో ఇంకా మిగిలి ఉన్న పెద్ద ఖర్చులు రాయండి. బిడ్డ పెండ్లి, కొడుకు చదువు, ఇల్లు. ఇవి ముందున్నంతవరకు పూర్తి విశ్రాంతి కుదరదు. సగం విశ్రాంతి మాత్రం కుదురుతుంది.

మూడో పేజీలో అప్పులు. ఎవరి దగ్గర, ఎంత, ఏ వడ్డీకి. దాచిపెట్టకుండా ఇంట్లోవాళ్ళకు తెలిసేలా రాయండి.

వడ్డీ ఆగనిదే విశ్రాంతి లేదు

నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారనుకోండి. ఏడాదికి వడ్డీయే 24,000 రూపాయలు. అదే లక్ష బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణంగా తీసుకుంటే వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే, అంటే ఏడాదికి 4,000. తేడా 20,000 రూపాయలు.

ఈ 20,000 ఎంతో తెలుసా? పీఎం కిసాన్ కింద కేంద్రం ఇచ్చే 6,000, దానికి తోడు 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం ఇచ్చే 14,000, రెండూ కలిపితే వచ్చే మొత్తం. బయటి వడ్డీకి లక్ష అప్పున్న రైతు సర్కారు సాయమంతా ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో వడ్డీ వ్యాపారికి ఇస్తున్నట్టే.

అందువల్ల విశ్రాంతి వైపు మొదటి మెట్టు పొదుపు కాదు, బయటి అప్పు తీర్చడం. ఎక్కువ వడ్డీది ముందు, తక్కువ వడ్డీది తర్వాత. అప్పు పూర్తిగా తీరాకే నాగలి దించే తేదీ గురించి మాట్లాడుకోవాలి.

మీ వయసు ఎంత?

40 లోపు ఉన్నవారు: మీకు రెండు దారులు తెరిచి ఉన్నాయి. 2019లో ప్రారంభమైన పీఎం కిసాన్ మాన్‌ధన్ యోజన ఐదెకరాల లోపు, అంటే 2 హెక్టార్ల లోపు రైతులకోసం పెట్టినది. 18 నుంచి 40 ఏళ్ళ మధ్య చేరాలి. 18 ఏళ్ళకు చేరితే నెలకు 55 రూపాయలు, 29 ఏళ్ళకు 100, 40 ఏళ్ళకు 200 కట్టాలి. మీరు ఎంత కడితే కేంద్రమూ అంతే కలుపుతుంది. 60 నిండాక నెలకు 3,000 పింఛను. ఆ తర్వాత రైతు పోతే భార్యకు అందులో సగం, 1,500. భార్య కూడా అర్హురాలైతే వేరుగా చేరవచ్చు.

రెండోది 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన. ఇదీ 18 నుంచి 40 వరకే. 60 తర్వాత నెలకు 5,000 కావాలంటే 18 ఏళ్ళవారు నెలకు 210, 30 ఏళ్ళవారు 577, 40 ఏళ్ళవారు 1,454 కట్టాలి. అంత కట్టలేనివారు 1,000 నుంచి 4,000 వరకు తక్కువ పింఛనైనా ఎంచుకోవచ్చు. భర్త తదనంతరం భార్యకు అంతే పింఛను వస్తుంది. ఆదాయపు పన్ను కట్టేవారు 2022 అక్టోబరు నుంచి ఇందులో చేరడానికి వీల్లేదు.

ఆలస్యం ఎంత ఖరీదో ఈ అంకెలే చెబుతున్నాయి. 18కీ 40కీ మధ్య నెలసరి ఏడింతలు అయింది.

40 దాటినవారు: మీ వరకు ఈ బండ్లు వెళ్ళిపోయాయి. మీ కొడుకును, కోడలిని, కూతురిని ఎక్కించండి. రేపు వాళ్ళకు పింఛను ఉంటే వాళ్ళ భారం మీ భూమి మీద పడదు. మీకు మాత్రం భూమి, చెట్లు, జీవాలు, కొద్దిపాటి నిల్వే పింఛను. వాటి సంగతి కింద చూద్దాం.

60కి దగ్గరపడినవారు: ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 అయింది. 60 నిండాలి, బియ్యం కార్డు ఉండాలి. కుటుంబానికి మాగాణి 3 ఎకరాలు, లేదా మెట్ట 10 ఎకరాలు, లేదా రెండూ కలిసి 10 ఎకరాల లోపు ఉండాలని నిబంధన. ఆధార్‌లో వయసు తప్పుగా పడి ఈ పింఛను పోగొట్టుకుంటున్నవారు చాలామంది. 60 వచ్చాక పరుగెత్తకండి. ఇప్పుడే చూసుకుని, తప్పుంటే రుజువు కాగితాలతో సరిచేయించుకోండి.

అన్ని వయసులవారికీ: ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా, 436 రూపాయలతో జీవిత బీమా మీ బ్యాంకులోనే ఉన్నాయి. ఒక్కొక్కటి 2 లక్షలకు. మొదటిది 70 ఏళ్ళ వరకు, రెండోదానిలో చేరడం 50 ఏళ్ళ వరకు. పాము కాటు, కరెంటు షాకు భయం మధ్య బతికే రైతుకు ఈ 20 రూపాయల బీమా లేకపోవడం పొరపాటు.

50కీ 60కీ మధ్య గండి

చాలినంత కష్టపడిన ఒళ్ళు 50కే పని ఆపమంటుంది. పింఛను 60కి గానీ రాదు. ఈ పదేళ్ళ గండిని పూడ్చుకోవడమే అసలు ప్రణాళిక. ఫ్రాన్సులో 1962లోనే ముసలి రైతు భూమి వదిలి పక్కకు తప్పుకుంటే బతికినంతకాలం భత్యం ఇచ్చారు. 1992లో యూరప్ దేశాలు 55 దాటిన రైతులకోసం ముందస్తు విశ్రాంతి పథకమే పెట్టాయి. మనకు అలాంటిది లేదు. మన గండి మనమే పూడ్చుకోవాలి.

మాగాణిని గుత్తకివ్వండి

కాలువ కింద మడి చేయడం ఒంటికి అన్నిటికన్నా బరువు. అందుకే మొదట దించుకోవలసింది ఇదే. అయితే ఒకేసారి కాదు. రెండెకరాలుంటే మొదటి ఏడాది ఒక ఎకరా ఇచ్చి చూడండి. ఆ ఏడాది మీకు తీరిక ఎలా ఉంటుందో, డబ్బు చాలుతుందో లేదో తెలుస్తుంది. తీరిక భరించలేక మళ్ళీ చేనికి పోయేవాళ్ళూ ఉన్నారు.

గుత్తకా, కోరుకా అన్నది ఆలోచించండి. గుత్త అయితే ముందే అనుకున్న మొత్తం వస్తుంది, నష్టం కౌలుదారుది. కోరు అయితే పంట బాగుంటే ఎక్కువ, లేకుంటే లేదు, పైగా పెట్టుబడి పంచుకోవాలి, పర్యవేక్షణ తప్పదు. విశ్రాంతి కోరేవారికి గుత్తే మేలు. కాలువకు నీళ్ళు రాని ఏడాది గుత్త ఎంత తగ్గించాలో కూడా ముందే మాట్లాడుకోండి. అది తర్వాత తగాదా అవుతుంది.

"కాగితం రాస్తే భూమి పోతుంది" అని చాలామంది నోటిమాట మీదనే ఇస్తున్నారు. ఈ భయం అక్కరలేదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఒప్పందం 11 నెలలకే. కౌలుదారుకు పంట మీద తప్ప భూమి మీద ఏ హక్కూ రాదు. గ్రామ రెవెన్యూ అధికారి సమక్షంలో కాగితం రాసుకుంటే ఆయనకు సాగుదారు కార్డు వస్తుంది, పంట రుణం, బీమా అడగడానికి వీలవుతుంది. పంట రుణం దొరికిన కౌలుదారు మీ గుత్త కూడా సకాలంలో కడతాడు. అందులో మీకూ లాభమే.

మెట్టలో పని చేసే చెట్లు

ఏటా దున్ని, విత్తి, కలుపు తీసే పంట నుంచి, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి కాచే చెట్టుకు మారడం రెండో మెట్టు. అయితే కొత్తగా బోరు వేసి చీనీ తోట పెట్టాలనే ఆలోచన విశ్రాంతికి పనికిరాదు. మన జిల్లాలో నీళ్ళు అడుగంటి ఎండిపోయిన చీనీ తోటలు, ఒకదాని తర్వాత ఒకటి వేసి ఎండిన బోర్లు ఎన్ని సంసారాలను అప్పుల్లో దింపాయో మీకు చెప్పనక్కరలేదు.

వానకు తట్టుకునే చెట్లను ఎంచుకోండి. సీతాఫలం, చింత, ఉసిరి, నేరేడు, రేగు మన ఎర్రనేలలకు నప్పుతాయి. సీతాఫలం ఆకును మేకలు, గొర్రెలు ముట్టవు. కాపలా తగ్గుతుంది. 5 మీటర్ల దూరంలో నాటితే ఎకరాకు 160 మొక్కలు పడతాయి. మూడు, నాలుగేళ్ళకు కాపు మొదలవుతుంది. చింతను 10 మీటర్ల దూరంలో ఎకరాకు 40 నాటవచ్చు. విత్తనం మొక్క అయితే ఎనిమిది, పదేళ్ళు పడుతుంది. అంటు మొక్క అయితే అందులో దాదాపు సగం కాలమే. చింతపండుకు హిందూపురం మార్కెట్టు ఉంది. మంచి అంటు మొక్కలకోసం అనంతపురం దగ్గర రేకులకుంటలోని ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి.

గుంతలు ఎండాకాలంలోనే తీసి ఎండనివ్వండి. పశువుల ఎరువు కలిపి పూడ్చి, తొలకరి వానలు పడ్డాక నాటండి. మొదటి రెండు మూడు వేసవులు కుండతోనో, ట్యాంకరుతోనో తడి ఇవ్వకపోతే మొక్క దక్కదు. ఈ కష్టం పడగల ఒళ్ళు ఉన్నప్పుడే, అంటే 45, 50 మధ్యనే నాటాలి. 58 ఏళ్ళకు నాటిన చింత మీకు కాదు, మనవళ్ళకు.

ఉపాధి పథకం కింద చిన్న, సన్నకారు రైతుల మెట్ట భూముల్లో గుంతలు తీయడానికి, మొక్కలకు, నీటి తడులకు డబ్బిచ్చి మన జిల్లాలో ఎన్నో తోటలు పెంచారు. ఈ ఏడాది ఏ మొక్కలకు, ఏ నిబంధనలతో ఇస్తున్నారో మండల కేంద్రంలోని ఉపాధి కార్యాలయంలో ముందుగానే కనుక్కోండి. ఇసుక కొట్టుకొచ్చే చేలవారు పడమటి గెనెం మీద కానుగ, సరుగుడు వరసలు పెంచితే తోటకూ రక్షణ ఉంటుంది.

చెట్ల మధ్య ఖాళీలో మొదటి మూడేళ్ళు కంది, అలసంద, ఉలవ చల్లుకోవచ్చు. ఇంటికి పప్పు, జీవాలకు మేత దొరుకుతాయి.

కొట్టంలో పది పొట్టేళ్ళు

మందను తోలుకుని రోజంతా తిరగడం విశ్రాంతి కాదు. కొట్టంలోనే పది పొట్టేలు పిల్లలను కట్టి నాలుగు నెలలు మేపి అమ్మడం వయసు మళ్ళినవారు చేయగల పని. చెనిక్కాయ కట్టె, కంది పొట్టు, అవిశ, సుబాబుల్ రొట్ట మన దగ్గర దొరికేవే. తొలకరికి ముందే చిటుకు రోగం టీకా, నీలినాలుక టీకా వేయించాలి. నట్టల మందు తప్పక తాపాలి. పండుగలకు, బక్రీదుకు అమ్మకానికి వచ్చేలా లెక్క చూసుకుని పిల్లలను కొనండి. పది దాటితే పని మళ్ళీ నెత్తికెక్కుతుంది. ఆశకు పోకండి.

ఒక సంసారం లెక్క

ఇది మచ్చుకు వేసిన లెక్క. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

ఆయనకు 50, ఆమెకు 46. అప్పు లేదు, బిడ్డల పెండ్లిళ్ళు అయ్యాయి. కాలువ కింద 2 ఎకరాలు, మెట్ట 3 ఎకరాలు. ఇంటి ఖర్చు నెలకు 8,000, ఏడాదికి 96,000.

మాగాణి గుత్త ఎకరా 15,000 అనుకుంటే 30,000 వస్తుంది. పొట్టేళ్ళు ఏడాదికి రెండు దఫాలుగా 20. పిల్ల ఒక్కొక్కటి 6,000 చొప్పున కొన్నది 1,20,000. మేత, మందులు ఒక్కోదానికి 1,200 చొప్పున 24,000. రెండు చచ్చిపోయి, 18 మిగిలి, 9,500 చొప్పున అమ్మితే 1,71,000. మిగిలేది 27,000. మొత్తం 57,000. తక్కువ పడేది 39,000.

సర్కారు సాయం 20,000 కలిపితే తక్కువ పడేది 19,000. సీతాఫలం కాపుకు వచ్చేవరకు నాలుగేళ్ళు ఇదే పరిస్థితి. అంటే 76,000 చేతిలో లేకుండా ఈయన పని ఆపకూడదు. ఐదో ఏట నుంచి తోట మీద 20,000 వస్తే మొత్తం 97,000 అవుతుంది. లెక్క సరిపోతుంది. 60 నిండి పింఛను వస్తే ఏడాదికి ఇంకో 48,000 తోడవుతుంది.

ఈ లెక్కలో రెండు బలహీనతలు ఉన్నాయి. సర్కారు సాయం ఎప్పుడైనా మారవచ్చు. దాన్ని లెక్కలో చివరన రాయండి, అది లేకపోయినా సంసారం నడుస్తుందా అని చూడండి. ఈ ఇంట్లో నడవదు, ఏడాదికి 19,000 తగ్గుతుంది. కనుక మిగిలిన ఎకరా ఎకరన్నర మెట్టలో కంది వేసుకోవడం ఆపకూడదు. రెండోది ధరలు. ఏటా 6 శాతం పెరిగితే ఇప్పటి 8,000 ఖర్చు పదేళ్ళకు 14,000 దాటుతుంది.

భూమి అమ్మకూడదనడం ఇందుకే. అమ్మగా వచ్చిన 10 లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో వేశారనుకోండి. 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన 7.4 శాతం ప్రకారం నెలకు సుమారు 6,170 వస్తుంది. ధరలు ఎంత పెరిగినా ఆ 6,170 పెరగదు. ధాన్యం ధర పెరిగితే గుత్త పెరుగుతుంది, చింతపండు ధర పెరిగితే తోట రాబడి పెరుగుతుంది. రైతుకు ధరలతోపాటు పెరిగే పింఛను ఒక్క భూమే. అదీగాక చేతిలో డబ్బుంటే అడిగేవాళ్ళు వస్తారు, చేతిలో పట్టా ఉంటే ఆలోచించి వస్తారు.

రాసిచ్చే ముందు ఆగండి

"ఎప్పటికైనా వాళ్ళదే కదా, ఇప్పుడే రాసిస్తే పోలేదా" అని కొడుకుల పేర దానపట్టా రాసి, తర్వాత మందు బిళ్ళలకు చేయి చాచే తల్లిదండ్రులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అందరు కొడుకులూ అలాంటివాళ్ళని కాదు. కానీ కొడుక్కీ అప్పులుంటాయి, కష్టాలుంటాయి. అతని పేర పడిన భూమి అతని అప్పులకూ పోతుంది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. చూసుకుంటారనే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌ను అడగవచ్చునని ఇందులోని 23వ సెక్షను చెబుతోంది. షరతు ఉన్నట్టు తేలకపోతే ఈ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో చెప్పింది. 2025లో ఇంకో కేసులో చట్టాన్ని వృద్ధుల మేలు కోరి చదవాలని చెప్పి, ఒక తల్లి ఇచ్చిన ఆస్తిని తిరిగి ఇప్పించింది. కోర్టుల దాకా పోవడమెందుకు? రాయక తప్పకపోతే పోషణ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఈ చట్టం వయోవృద్ధులంటే 60 నిండినవారని చెబుతోంది. 52 ఏళ్ళకే విసుగొచ్చి రాసిచ్చినవారికి ఈ సెక్షను అండ దొరకడం కష్టం. ముందుగా విశ్రాంతి కోరేవారికి ఇది అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

కొడుకు సేద్యం చేస్తానంటే సంతోషం. సాగు అతనికివ్వండి, పట్టా మీ పేర ఉంచుకోండి. ఎవరికి ఏది చెందాలో వీలునామా రాయండి. వీలునామా మీరు బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. దానపట్టా అలా కాదు. భూమి ఇంకా పోయిన మీ నాయన పేరనే ఉంటే మొదట వారసత్వం కింద మీ పేర మార్పించుకోండి. పేరు లేని భూమికి సాయం రాదు, రుణం రాదు.

ఆమెకు విశ్రాంతి ఎప్పుడు?

ఇంటాయన మడి గుత్తకిచ్చి రచ్చకట్ట మీద కూర్చుంటాడు. ఇంటావిడ మాత్రం తెల్లారి లేచి ఎనుము పాలు పిండి, కూలికి పోయి నాట్లు వేసి వచ్చి, రాత్రి వంట చేస్తుంది. అది సంసారం విశ్రాంతి కాదు. నోటుబుక్కులో ఆమె పనీ రాయండి. పొట్టేళ్ళు తెస్తే ఎనుమును అమ్మాలా, రెండూ ఆమె నెత్తినే పడతాయా అని ముందే మాట్లాడుకోండి. బ్యాంకు ఖాతా ఇద్దరి పేర, ప్రతి కాగితంలో నామినీగా ఆమె పేరు ఉండాలి. చాలా ఇళ్ళలో చివరి పదేళ్ళు ఒంటరిగా గడిపేది ఆమే.

దాచిన రూపాయి జాగ్రత్త

నిల్వ డబ్బు పోస్టాఫీసులో, ప్రభుత్వ బ్యాంకులో, మీ సంఘం పొదుపులో ఉంచండి. ఎక్కువ వడ్డీ ఆశ చూపే ఏజెంటు ఊరివాడైనా, బంధువైనా నమ్మకండి. అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టిన లక్షలాది మంది 2014 తర్వాత ఎంత ఏడ్చారో గుర్తు చేసుకోండి. వారిలో చిన్న మొత్తాలవారికి ప్రభుత్వం 2019లో 10,000 వరకు, 2021లో 20,000 వరకు చెల్లించింది. మిగిలినవారు ఏళ్ళ తరబడి తిరిగారు. 60 నిండిన తర్వాత పోస్టాఫీసులో వృద్ధుల పొదుపు పథకానికి వడ్డీ మామూలు డిపాజిట్లకన్నా ఎక్కువ. అదీ అడిగి తెలుసుకోండి.

గుర్తుంచుకోవలసినవి

* బయటి వడ్డీ అప్పు తీరేవరకు పని ఆపే తేదీ పెట్టుకోకండి.
* 40 లోపు పిల్లలను ఈ ఏడాదే పింఛను పథకంలో చేర్పించండి. దగ్గరలోని మీ సేవ, సీఎస్‌సీ కేంద్రంలో, బ్యాంకులో వివరాలు దొరుకుతాయి.
* ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు ఖాతాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి.
* చెట్లు 50 లోపే నాటండి.
* మొదటి ఏడాది ఒక ఎకరా మాత్రమే గుత్తకివ్వండి, కాగితం మీద.
* ఒక ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడా నిల్వ చేయడానికి ప్రయత్నించండి. కనీసం చెట్లు కాచేవరకు తక్కువ పడే మొత్తమైనా ఉండాలి.
* పట్టా మీ పేరనే ఉంచుకోండి.

రైతు సోదరులారా, సోదరీమణులారా! పాతికేళ్ళు ఊరికి అన్నం పెట్టిన మనిషి "చాలు" అనడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ మాట పంట పోయిన రాత్రి కోపంతో అనకండి, ఉగాది నాడు నోటుబుక్కు ముందు పెట్టుకుని అనండి. ఈ వేసవిలో మీరు చేయవలసింది ఒకటే. మూడు పేజీలు రాయండి, తొలకరికి ముందు పది చెట్లకు గుంతలు తీయండి. మిగతా వివరాలకు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి.